ఎనిమిది వేల చేతులు, ఒక్క తాళము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రపు నడిభాగమున, ఇథాకా అను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణమునకు ఎగువనున్న కొండపై కార్నెల్ విశ్వవిద్యాలయము ఉన్నది. అచ్చట శీతకాలము దీర్ఘమైనది. మంచు కురియు ఆ నెలలలో విద్యార్థులకు పెద్ద వేడుక ఐస్ హాకీ, అనగా మంచుగడ్డపై ఆడు హాకీ. ఇందుకై విశ్వవిద్యాలయమువారు 1957లో లైనా రింకు అను ఆటశాలను తెరచిరి. నేడు అందు 4,267 మందికి చోటు కలదు.

ఆట మన హాకీ వంటిదే అయినను పరికరములు వేరు. సుమారు 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు గల మంచునేలపై, పక్షమునకు ఆరుగురు చొప్పున, అడుగున ఉక్కు అలుగులు గల బూట్లు తొడిగికొని జారుచు ఆడుదురు. బంతికి మారుగా సుమారు 170 గ్రాముల బరువు గల రబ్బరు బిళ్ల ఉండును. దీనిని పక్ అందురు. అది ఎగిరిపడకుండుటకై ఆటకు ముందు దానిని గడ్డకట్టు చలిలో ఉంచుదురు.

అయితే ఈ వ్యాసమునకు విషయము ఆటగాండ్రు కారు. వారి చుట్టును నిలిచి కేకలు వేయు ప్రేక్షకులు. నాలుగు వేలమంది ఒక్క గొంతుగా అరచుట, ఎనిమిది వేల చేతులు ఒక్క తాళముగా మ్రోగుట ఎట్లు సాధ్యము? వారికి ముందు నిలిచి కోల ఊపువాడు ఎవ్వడును లేడు. ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రము చక్కని సమాధానము చెప్పగలదు. ఆ సమాధానములోనే మన ప్రాణములకు సంబంధించిన హెచ్చరిక యొకటి దాగియున్నది.

జల్లెడ, చేప, వార్తాపత్రిక

మొదట ఆ ప్రేక్షకుల ఆచారములను చూతము. ప్రత్యర్థి జట్టు ఆటగాండ్ర పేర్లను ప్రకటించునపుడు కార్నెల్ విద్యార్థులు వార్తాపత్రికలను ముఖములకు అడ్డముగా విప్పి పట్టుకొని, ఈ సంగతి మాకు పట్టదన్నట్లు చదువుచు కూర్చుందురు. ప్రత్యర్థుల గోలు రక్షకుని దాటి పక్ వలలో పడినంతనే వేలమంది ఆతని వైపు వ్రేళ్లు చూపుచు "జల్లెడ! జల్లెడ!" అని ఎలుగెత్తుదురు. జల్లెడలో నీరు నిలువనట్లే ఆతని యొద్ద ఏదియు నిలువదని దాని భావము. ఈ ఎగతాళి అమెరికాలోని అనేక కళాశాలలలో వాడుక.

అన్నిటికంటె వింతయైనది చేపల ఆచారము. కార్నెల్ విశ్వవిద్యాలయములో వ్యవసాయ కళాశాల ఉన్నది. 1973లో ఈ జట్టు హార్వర్డునకు పోయి ఆడినపుడు, వీరు పల్లెటూరి రైతులని వెక్కిరించుటకై ఎవరో మంచుపైకి ఒక కోడిని విసిరిరట. హార్వర్డు జట్టు ఇథాకాకు వచ్చినపుడు విద్యార్థులు దానికి బదులు తీర్చుకొనిరి. హార్వర్డు ఉన్నది బోస్టను ప్రాంతమున; బోస్టను చేపల వ్యాపారమునకు పేరు పొందిన రేవు. కావున మంచుపై చేపల వాన కురిసినది. నాటినుండి హార్వర్డు జట్టు వచ్చిన ప్రతిసారియు ఆట మొదలగుటకు ముందు చేపలు పడుచునే యున్నవి. ఆట నడుచుచుండగా విసిరినచో ఆలస్యమునకు కారణమైరని సొంత జట్టుకే శిక్ష పడవచ్చును. ఈ సంగతి ప్రేక్షకులకు బాగుగా తెలియును.

శీతకాలము ముగియు వేళకు ఓడినవారు తొలగిపోవు పోటీలు వచ్చును. కార్నెల్ చేరియున్న సంఘములో పన్నెండు విద్యాసంస్థలు ఉన్నవి. వాని తుది పోటీ లేక్ ప్లాసిడ్ అను ఊర జరుగుచున్నది. 1980 ఫిబ్రవరి 22న, అధికభాగము కళాశాల యువకులతో కూడిన అమెరికా జట్టు సోవియట్ జట్టును 4–3 తేడాతో ఓడించిన ఒలింపిక్ ఆటశాల అదియే. 2024, 2025 సంవత్సరముల మార్చి నెలలలో అచ్చట కార్నెల్ వరుసగా రెండుమార్లు విజయము పొందినది. అట్టి గెలుపు చేతికి వచ్చు చివరి నిమిషములలో బల్లలపై ఎవ్వరును కూర్చుండరు. అప్పుడు చప్పట్లు ఎట్లు మొదలై ఎట్లు కలియునో గమనించినవారికి మన ప్రశ్న తప్పక తోచును.

ఎందరు అరచిన ఎంత చప్పుడు?

గుంపు పెరిగిన కొలది చప్పుడు పెరుగునని అందరును ఎరుగుదురు. ఎంత పెరుగునో లెక్క చూతము. ధ్వని తీవ్రత పదిరెట్లయినపుడు ధ్వనిస్థాయి 10 డెసిబెల్‌లు పెరుగును. ఎవరికి వారుగా చప్పట్లు కొట్టు పదిమంది ఒక్కని కంటె 10 డెసిబెల్‌లు, నూరుమంది 20, వేయిమంది 30 డెసిబెల్‌లు ఎక్కువ చేయుదురు. నాలుగు వేలమందికి వచ్చునది 36 డెసిబెల్‌లు మాత్రమే. అందరును వినువానికి సమాన దూరమున ఉన్నారని అనుకొని చేసిన లెక్క యిది. నిజమునకు దూరమున ఉన్నవారి చప్పుడు ఇంకను తక్కువగా వినబడును.

మరి ఆటశాలలో చెవులు గింగురుమనుట ఎందువలన? గోడల వలన. మంచునేల, దాని చుట్టునున్న గట్టి పారదర్శక ఫలకములు, కాంక్రీటు మెట్లు ధ్వనిని పీల్చుకొనక త్రిప్పికొట్టును. ఒకమారు పుట్టిన ధ్వని పలుమార్లు పరావర్తనము చెంది కొంతసేపు నిలిచియుండును. దీనికే ప్రతినాదమని పేరు. దీని నియమమును కనుగొన్న శాస్త్రజ్ఞుడు, వింతగా, ఆ చేపల వాన పడు హార్వర్డుకు చెందినవాడే. 1895లో అచ్చట క్రొత్త ఉపన్యాసశాలలో మాటలు ఒకదానిపై ఒకటి పడి అర్థము కాకుండెను. వాలెస్ సాబిన్ అను యువ అధ్యాపకునికి ఆ దోషమును సరిచేయు పని అప్పగింపబడినది. ఆతడు వేరొక నాటకశాలలోని ఆసనముల మెత్తలను రాత్రివేళ తెచ్చి పరచి, పిల్లనగొట్టమును మ్రోగించి, ధ్వని అణగుటకు పట్టు కాలమును గడియారముతో కొలిచెను. గది పరిమాణము పెరిగిన కొలది ఆ కాలము పెరుగును. ధ్వనిని పీల్చు పదార్థము పెరిగిన కొలది తగ్గును. ఇదియే సాబిన్ నియమము.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. 85 డెసిబెల్‌ల చప్పుడును దినమునకు 8 గంటలకు మించి వినరాదని ఒక ప్రమాణము కలదు. అటుపై ప్రతి 3 డెసిబెల్‌లకును కాలము సగమగును. ఈ లెక్కన 100 డెసిబెల్‌ల చోట పదునైదు నిమిషములే హద్దు. విజయోత్సవములలో చిన్న పిల్లల చెవులకు రక్షణ కల్పించుట మేలు.

చెవి ముడి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఎవరికి వారుగా మొదలైన చప్పట్లు ఒక్కసారిగా లయలో పడుటకు కారణమేమి?

2000 సంవత్సరములో నేడా, బరబాషి మున్నగు శాస్త్రజ్ఞులు రుమేనియా, హంగరీ దేశముల నాటకశాలలలోను సంగీతసభలలోను చప్పట్లను నమోదు చేసి, ఫలితములను 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. పైకప్పు నుండి ఒక మైక్రోఫోను వ్రేలాడదీసి మొత్తము సభ చప్పుడును, ఒక ప్రేక్షకుని ప్రక్కన మరియొకటి ఉంచి ఆతని చప్పట్లను కొలిచిరి. ప్రదర్శన ముగిసినంతనే జనులు వేగముగా, సెకనుకు సుమారు నాలుగుమార్లు, చప్పట్లు కొట్టుదురు. అప్పుడు లయ ఉండదు. కొన్ని క్షణములకు వేగము సగమునకు తగ్గును. సెకనుకు సుమారు రెండు. ఆ వెంటనే లయ పుట్టును.

వేగము తగ్గుటకును లయ కలియుటకును ఏమి సంబంధము? ఆ శాస్త్రజ్ఞులు ఉన్నత పాఠశాల విద్యార్థులను విడివిడిగా నిలిపి రెండు విధములుగను చప్పట్లు కొట్టించి చూచిరి. వేగముగా కొట్టునపుడు ఒక్కొక్కని పౌనఃపున్యము ఒక్కొక్క తీరుగా ఉండెను. నెమ్మదిగా కొట్టునపుడు వారి మధ్య తేడా చాల తగ్గెను. తేడా తగ్గినచో ప్రక్కవానితో కలియుట సులభము. ఇందలి మర్మమంతయు ఇదియే.

డోలకములు ఒకదానితో ఒకటి లయ కలుపుకొనుట క్రొత్త సంగతి కాదు. 1665లో డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ జబ్బుపడి మంచము పట్టియుండగా, ఒకే దూలమునకు వ్రేలాడు రెండు లోలక గడియారములు కొంతసేపటికి ఒకే లయలో, కాని ఎదురుబొదురుగా, ఊగుటను గమనించెను. దూలపు స్వల్ప చలనమే వానిని ముడివేసినది. 1975లో జపాను శాస్త్రజ్ఞుడు కురమోటో దీనికొక గణిత రూపము నిచ్చెను. అనేక డోలకముల మధ్య ముడి యొక హద్దును దాటి బలపడినచో, వానిలో కొన్ని హఠాత్తుగా లయలో పడును. పౌనఃపున్యములలో తేడాలు ఎంత తక్కువైన ఆ హద్దు అంత తక్కువ. చప్పట్లు కొట్టువారి విషయములో దూలమునకు బదులు గాలి యున్నది; లోలకమునకు బదులు చేయి; ముడివేయునది చెవి.

ఇంకొక విశేషము. లయ కలిసినపుడు చప్పుడు పెరుగునని మనకు తోచును. నిజమునకు సగటు చప్పుడు తగ్గును. సెకనుకు నాలుగు దెబ్బలు రెండైనవి గదా! చప్పుడు తగ్గెనని ఎరిగి ఉత్సాహవంతులు వేగము పెంతురు. వేగము పెరిగినంతనే తేడాలు పెరిగి లయ చెదరును. మరల నెమ్మదింతురు, మరల లయ కలియును. ఒకే సభలో ఈ వంతులు అనేకమార్లు జరుగుచుండును. ఒక్కటిగా ఉండవలెనను కోరిక, బిగ్గరగా ఉండవలెనను కోరిక ఒకే గుంపులో పరస్పరము పోరాడుచుండును.

ధ్వని చేయు ఆలస్యము

లయకు ఒక హద్దు కలదు. ధ్వని ఒకచోటి నుండి మరియొక చోటికి చేరుటకు కాలము పట్టును. గాలిలో ధ్వని వేగము సుమారు 331 + 0.6 × ఉష్ణోగ్రత. ఆటశాలలోని గాలి 10 డిగ్రీల సెల్సియస్ ఉన్నదనుకొన్నచో అది సెకనుకు 337 మీటర్లు. మంచునేల ఈ కొన నుండి ఆ కొనకు, అనగా 61 మీటర్లు, పోవుటకు 0.18 సెకను పట్టును. సెకనుకు రెండు చప్పట్లయిన ఆవర్తన కాలము 0.5 సెకను. అనగా ఎదుటి కొననున్నవారి తాళము మనకు మూడవవంతుకు పైగా వెనుకబడి వినబడును. 200 మీటర్ల అడ్డుకొలత గల క్రికెట్ మైదానములోనైతే ఈ ఆలస్యము పూర్తి ఆవర్తన కాలమునే మించిపోవును. అందుచేతనే పెద్ద మైదానములలో ఒక ప్రక్క పాట మరియొక ప్రక్క పాటతో కలియదు. చిన్న ఆటశాలలో సులభముగా కలియును.

ఈ చిక్కును తప్పించుటకు గుంపులు ఎవరును చెప్పకయే ఉపాయములు కనుగొన్నవి. ఒకటి, నినాదమును సాగదీసి పలుకుట. దీర్ఘమైన పదములో కొంచెము ఆలస్యము కానరాదు. రెండవది, లయకు ఒక కేంద్రము నేర్పరచుకొనుట. లైనా ఆటశాలలో విద్యార్థుల వాద్యబృందము ఉన్నది. విద్యార్థులలో ఒకడు ఆవు మెడలో కట్టు గంటను పట్టుకొని కర్రతో తాళము వేయును. గుంపు దానిని అందుకొనును. మన భజన బృందములో చిడతలు, పడవను లాగువారి నడుమ "హైలెస్సా" అను కేక చేయుపని ఇదియే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును పది నిమిషములలో చేయించవచ్చును. ఐదుగురు విద్యార్థులను ఒక్కొక్కరిగా వరండాలోనికి పిలిచి, తోచినంత వేగముగా పది సెకనులు చప్పట్లు కొట్టించి లెక్క వ్రాయుడు. తరువాత నెమ్మదిగా కొట్టించి మరల వ్రాయుడు. రెండు పట్టికలలోను గరిష్ఠ, కనిష్ఠ సంఖ్యల భేదమును సగటుతో భాగించి పోల్చుడు. పిదప తరగతి అంతటిని కన్నులు మూయించి, ఎవరికి తోచిన లయలో వారిని చప్పట్లు కొట్టుమనుడు. మొదట వేగముగాను, పిమ్మట నెమ్మదిగాను కొట్టించి, ఎప్పుడు లయ కలియునో, ఎన్ని సెకనులకు కలియునో గమనింపుడు. చివర సగముమంది చెవులలో దూది పెట్టుకొన్నచో ఏమగునో చూడుడు. పుస్తకములో నాలుగు పుటలు చదివినను రాని బోధ ఇందు కలుగును.

కంటి ముడి

చెవి యొక్కటియే గుంపును కలుపునని తలపరాదు. వార్తాపత్రికలను ఒక్కమారుగా విప్పునపుడు విద్యార్థులు ఒకరినొకరు చూచి చేయుదురు. కంటి ముడికి ప్రసిద్ధమైన ఉదాహరణము పెద్ద క్రీడాంగణములలో లేచు మానవ తరంగము. 1986లో మెక్సికోలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ పోటీలలో లోకమంతయు దీనిని చూచినది. ఒక వరుసవారు లేచి చేతులెత్తి కూర్చుందురు. ప్రక్కవారు వారిని చూచి లేతురు. ఆ విధముగా అల మైదానము చుట్టును పరుగెత్తును.

2002లో ఫర్కష్, హెల్బింగ్, విచెక్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి తరంగముల చలనచిత్రములను పరిశీలించిరి. అల సెకనుకు సుమారు 12 మీటర్లు, అనగా 20 ఆసనములు, దాటును. దాని వెడల్పు సుమారు 15 ఆసనములు. దానిని లేపుటకు కొన్ని పదులమంది చాలును. ఒకరిద్దరు లేచినచో అది అచ్చటనే అణగిపోవును. తిర్యక్ తరంగమును బోధించుటకు దీనిని మించిన ఉదాహరణము లేదు. అల అడ్డముగా సాగును. మనిషి నిలువుగా లేచి తన ఆసనముననే కూర్చుండును. ప్రయాణము చేయునది మనిషి కాదు, సంకేతము మాత్రమే.

ఈ చివరి మాటను గుర్తుంచుకొనవలెను. చెవి ముడిలోను కంటి ముడిలోను మనిషి తనకు తాను యజమాని. లేవ నిష్టము లేకున్న లేవడు. చేతులు నొచ్చినచో చప్పట్లు మానును. గుంపులో కలియుటయు విడిపోవుటయు ఆతని చేతిలోనే యున్నవి. మూడవ ముడి అట్టిది కాదు.

ఒంటి ముడి

ఆసనములు లేని చోట, ద్వారముల వద్ద, ఇరుకు వీథులలో జనము చేరినపుడు ఒకరి శరీరము మరియొకరి శరీరమునకు తగులును. చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురున్నచో నడువవచ్చును. నలుగురైదుగురైనచో నడక కష్టమగును. ఆరేడుగురైనచో మనిషి తన ఇచ్ఛ చొప్పున కదలలేడు. అప్పుడు గుంపు ద్రవము వలె ప్రవర్తించును. ఒకచోట త్రోసిన త్రోపు శరీరము నుండి శరీరమునకు ప్రాకి దూరమున నున్న వానిని ఒరగించును. త్రోసినవానికి ఆ సంగతియే తెలియదు.

స్పెయిను దేశమున పాంప్లోనా నగరములో ఏటేట జూలై 6న సాన్ ఫెర్మిన్ ఉత్సవము ఆరంభమగును. నగర కార్యాలయము ముందరి చౌకమున వేలమంది క్రిక్కిరిసి ఆనందింతురు. ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమునకు చెందిన భౌతిక శాస్త్రజ్ఞులు ఆ జనసముదాయమును మేడల పైనుండి చిత్రించి, 2025లో తమ ఫలితములను 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. సాంద్రత యొక హద్దు దాటినంతనే వందలమంది ఒక్క పిండముగా, గుండ్రని త్రోవలో, సుమారు 18 సెకనులకు ఒక చుట్టు చొప్పున ఊగుచుందురు. ఎవ్వరును అట్లు ఊగవలెనని తలపరు. బయటివారెవ్వరును త్రోయరు. 2010లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గు నగరమున సంగీతోత్సవములో 21 మంది మరణించిరి. ఆనాటి చిత్రములలోను ఇట్టి ఊపే కానవచ్చినదని వారు చూపిరి.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరముల తొలి దినమున రాజమహేంద్రవరములో 20 మందికి పైగా యాత్రికులు ప్రాణములు కోల్పోయిరి. 2025 జూన్ 3 రాత్రి బెంగళూరు జట్టు ఐ.పి.ఎల్. కప్పును తొలిసారి గెలిచినది. మరునాడు చిన్నస్వామి క్రీడాంగణపు ద్వారముల వద్ద 11 మంది మరణించిరి. వారు వచ్చినది సంబరమునకు, పోరాటమునకు కాదు.

ఇట్టి సంఘటనలను మనము తొక్కిసలాట అందుము. ఈ మాట మనలను కొంత దారి తప్పించుచున్నది. కాళ్ల క్రింద పడి నలిగినవారే చనిపోవుదురని మనమనుకొందుము. నిజమునకు చాలమంది నిలిచియుండగనే ప్రాణము విడతురు. ఊపిరి పీల్చునపుడు రొమ్ము వ్యాకోచింపవలెను. నాలుగు ప్రక్కల నుండి ఒత్తిడి పడినపుడు అందుకు చోటుండదు. గాలి చుట్టును నిండియున్నను లోనికి పోదు. కావున జనులు భయపడి పరుగెత్తుట వలననే ఈ విపత్తు వచ్చునని చెప్పుట సరికాదు. పరుగెత్తుటకు చోటున్నచో విపత్తే రాదు. చోటు చాలకపోవుటయే కారణము. అందుచేత గుంపును మందలించుట కంటె, ఎందరు వత్తురో ముందుగా లెక్కించి, లోనికి వచ్చుటకును వెలుపలికి పోవుటకును వేర్వేరు త్రోవలు తెరచియుంచుట ముఖ్యము.

అట్టి చోట చిక్కుకొన్న విద్యార్థి ఏమి చేయవలెను? చేతులను స్వేచ్ఛగా పైకెత్తుటకు వీలు లేనంత ఇరుకగుచున్నట్లు తోచినంతనే, ఇంకను కదలగలిగినపుడే, వెలుపలికి పోవలెను. చిక్కుకొన్నచో రెండు చేతులను మడచి రొమ్ము ముందుంచుకొని ఊపిరికి చోటు కాపాడుకొనవలెను. త్రోపునకు ఎదురు నిలువక, అది తగ్గిన క్షణమున ఏటవాలుగా అంచునకు జరుగవలెను. గోడలకును కమ్ములకును దూరముగా ఉండవలెను. క్రింద పడిన చెప్పునకై వంగరాదు. ప్రక్కన పడిన మనిషిని మాత్రము వెంటనే లేపవలెను.

పాఠశాల ఆవరణలో ఒక చదరపు మీటరును సున్నముతో గీసి, అందు ఇద్దరు, ముగ్గురు, నలుగురు విద్యార్థులను వరుసగా నిలిపి చూపుడు. ఐదుగురితో ఆపివేయుడు. సాంద్రత అనగానేమో పిల్లలకు జీవితాంతము గుర్తుండును.

ఏండ్ల ముడి

లైనా ఆటశాలలో నాలుగు వేలమంది అంత గొడవ చేసియు క్షేమముగా ఇండ్లకు పోవుదురు. ప్రతివానికిని ఒక ఆసనమున్నది. చేపలు ఎప్పుడు విసరవలెనో, ఎప్పుడు మానవలెనో వారికి తెలియును. ఎట్లు తెలియును? అదియు ఒక ముడియే. కాని అది ఏటి నుండి ఏటికి సాగును.

అచ్చటి విద్యార్థి సాధారణముగా నాలుగేండ్లు చదివి వెడలిపోవును. అనగా ప్రతి సంవత్సరము గుంపులో నాలుగవవంతు క్రొత్తవారు. మిగిలిన మూడువంతులవారు వారికి నేర్పుదురు. ఎవ్వరును స్థిరముగా ఉండకున్నను ఆచారము నిలుచును. నీరు మారుచున్నను నది నిలిచినట్లు. 2020లో దీనికి కఠినమైన పరీక్ష వచ్చినది. ఆ మార్చిలో కార్నెల్ జట్టు దేశమున మొదటి స్థానములో ఉండగా కోవిడ్ వలన పోటీలు రద్దయినవి. 2020–21లో ఆ జట్టు ఒక్క ఆటయు ఆడలేదు. 2021 శరత్కాలమున తలుపులు తెరచునాటికి, 2020లోను 2021లోను చేరిన రెండు తరగతుల వారు లైనా ఆటను చూడనేలేదు. ఎరిగినవారు మూడువంతుల నుండి సగమునకు తగ్గిరి. అయినను ఆ సగమే చాలినది; పట్టణవాసులును పూర్వ విద్యార్థులును తోడ్పడిరి. హార్వర్డు జట్టు రాగా చేపలు మరల పడినవి. నాలుగేండ్లు ఆట లేకున్నచో విద్యార్థులలో నేర్పువాడొక్కడును మిగిలియుండడు.

ఆచారము తన కారణమును మించి బ్రతుకును. 1952లో డెట్రాయిట్ నగరపు వృత్తి క్రీడాకారుల జట్టు కప్పు గెలుచుటకు ఎనిమిది విజయములు కావలసియుండెను. అందుచేత ఎనిమిది కాళ్లు గల ఆక్టోపస్‌ను ఒక అభిమాని మంచుపై విసరెను. నేడు ఆ కప్పునకు పదునారు విజయములు కావలెను. ఆక్టోపస్‌కు కాళ్లు ఎనిమిదియే. అయినను ఆచారము మానలేదు.

చేపను ఎట్లు విసరవలెనో ఏటేట నేర్పగల గుంపు, ద్వారము వద్ద ఎట్లు నిలువవలెనో కూడ నేర్పగలదు. మన తిరునాళ్లు, రథోత్సవములు, క్రికెట్ సంబరములు కళాశాల ఆటల కంటె చాల పెద్దవి. వానికి వచ్చువారిలో ప్రతి ఏడును క్రొత్త పిల్లలు ఉందురు. వారికి చప్పట్లు ఎట్లు కలియునో తరగతిలో చెప్పిన నాడే, ఊపిరికి ఎంత చోటు కావలెనో కూడ చెప్పవలెను. చెవితోను కంటితోను కలిసిన గుంపు పండుగ చేయును. ఒంటితో బిగిసిన గుంపునకు అది సాధ్యము కాదు. ఈ భేదము తెలిసిన విద్యార్థి తాను క్షేమముగా ఇల్లు చేరుటయేగాక, ప్రక్కవానిని కూడ చేర్చగలడు.